మాంసం తగ్గిద్దామంటే మీల్ మేకర్ దగ్గరే ఆగిపోతున్నాం

ప్రశ్న:
ఇంట్లో నలుగురం. వారానికి మూడుసార్లు కోడి, ఆదివారం మటన్ కీమా. మొత్తం మీద ఒక్కసారికి తేవాలని ఉంది. మీల్ మేకర్ వండితే పచ్చి వాసన, నమిలితే రబ్బరులా సాగుతోంది, లోపలంతా చప్పన. ఒకరికి పాలు పడవు, పెరుగుకూ దారి చెప్పండి.

జవాబు 1:
వేణ్నీళ్లలో నానబెడితే చాలదండీ, ఉడకబెట్టాలి. కప్పు మీల్ మేకర్‌కి 4 కప్పుల నీళ్లు, చెంచా ఉప్పు, మరిగాక 5 నిమిషాలు. వార్చి, చన్నీళ్లు పోసి, గుప్పిట్లో గట్టిగా పిండండి. పసుపచ్చని నురగ నీళ్లు దిగుతాయి. నురగ ఆగేదాకా రెండుమూడుసార్లు పిండాలి, ఆ వాసనంతా అందులోనే పోతుంది. లోపల నీళ్లు మిగిలితే మసాలాకి చోటేదీ? చప్పదనం అందుకే. తర్వాత అల్లం వెల్లుల్లి, కారం, ఉప్పు, నిమ్మరసం పట్టించి అరగంట ఉంచండి. ఇది నూనె తీసేసిన సోయా పిండితో చేసేది, మాంసానికున్నట్టు కొవ్వుండదు. నూనె పొదుపు చేస్తే ఎండి సాగుతుంది. రెండు చెంచాలు ఎక్కువే వేయండి.

కీమా ఒక్కసారే మానకండి. అరకిలో బదులు పావుకిలో కీమా, 75 గ్రాముల సన్న మీల్ మేకర్. కీమా ముప్పావు వంతు ఉడికాక కలిపితే ఆ రసం పీల్చుకుంటుంది.

జవాబు 2:
పెరుగుకి పల్లీ పాలు. కప్పు పచ్చి పల్లీలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, 3 కప్పుల నీళ్లతో మెత్తగా రుబ్బి పల్చటి గుడ్డలో వడకట్టండి. సన్నసెగ మీద కాస్తూ కలుపుతూనే ఉండాలి. చెయ్యి ఆపితే అడుగంటుతుంది, ఆ మాడు వాసన పెరుగులోనూ పోదు. పొంగాక 5 నిమిషాలు మరిగించి, గోరువెచ్చగా అయ్యాక ఏడెనిమిది పచ్చిమిర్చి తొడిమలు ముంచండి. వాటి మీదుండే బ్యాక్టీరియానే తోడు. పదిగంటలు కదపొద్దు. మొదటిది పల్చగా వస్తుంది, పారబోయకండి. దాన్నే రెండోదానికి తోడు వేస్తే గట్టిపడుతుంది. తాలింపు పెట్టిన పెరుగన్నానికి బాగా నప్పుతుంది. పల్లీ పడనివాళ్లకు మాత్రం వద్దు.

జవాబు 3:
పాలు మానేవాళ్లు గుడ్లు కూడా మానితే బి12 విటమిన్ చూసుకోండి, మొక్కల ఆహారంలో నమ్ముకోదగ్గంత ఉండదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 2.2 మైక్రోగ్రాములు కావాలి. కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి లోటు ఏళ్లు గడిచాకే బయటపడుతుంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లుంటే రక్తపరీక్ష ఆలస్యం చేయకండి, ఆ మందు కూడా బి12ని తగ్గిస్తుంది. పప్పులోని ఇనుము ఒంటబట్టాలంటే నిమ్మకాయ పిండుకోండి, టీ మాత్రం భోజనమయ్యాక గంట ఆగి తాగండి.