1997 నాటి బ్రెట్ హార్ట్, ఆస్టిన్ కథను ఎక్కడి నుంచి చూడాలి?

చికాగో పక్కనే ఉన్న రోజ్‌మాంట్‌లో 1997 మార్చి 23న జరిగిన రెజిల్‌మేనియా 13లో (ముందే రాసుకున్న కథలతో కుస్తీ పోటీలు నడిపే డబ్ల్యూడబ్ల్యూఎఫ్, అంటే నేటి డబ్ల్యూడబ్ల్యూఈ, ఏటా జరిపే పెద్ద ప్రదర్శన) కుస్తీ యోధులు బ్రెట్ హార్ట్, స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్ తలపడిన పోటీని ఈ వారం మూడోసారి చూశాను. బ్రెట్ వేసిన, కాళ్లు మెలిపెట్టే షార్ప్‌షూటర్ పట్టులో చిక్కి, ముఖమంతా రక్తం కారుతున్నా ఆస్టిన్ ఓటమి ఒప్పుకోడు. స్పృహ తప్పిన తరువాతే రిఫరీ కెన్ షామ్‌రాక్ పోటీ ఆపుతాడు. ప్రతినాయకుడిగా వచ్చిన ఆస్టిన్ వీరుడిగా, వీరుడిగా వచ్చిన బ్రెట్ ప్రతినాయకుడిగా వెళ్లిపోయారు. ఒకే పోటీలో ఇద్దరి పాత్రలూ ఇంత నమ్మదగినట్లు తారుమారు కావడం నేను మరెక్కడా చూడలేదు.

అయితే ప్రేక్షకుల మనసు ఆ రాత్రే మారిందా, లేక అంతకుముందు నెలల్లోనే మారుతూ వచ్చిందా? నాకు రెండోదే నిజమనిపిస్తోంది. అదే సంస్థ 1996లో జరిపిన సర్వైవర్ సిరీస్ ప్రదర్శనలో వీరిద్దరి పోటీ చూశాను. ఆ రెండు పోటీల మధ్య టీవీలో వారం వారం వచ్చిన ఏ భాగాలు తప్పక చూడాలి?

మరొకటి. జులైలో కాల్గరీలో హార్ట్ కుటుంబానికి సొంత జనం పట్టిన నీరాజనం చూశాక, నవంబరు 9న మాంట్రియల్‌లో బ్రెట్‌కు జరిగిన మోసం (అతనికి చెప్పకుండా పోటీ ముగింపు మార్చి టైటిల్ లాగేసుకోవడం) చూస్తే కడుపు తరుక్కుపోయింది. కెనడా వాడైన బ్రెట్‌ను అమెరికా ప్రేక్షకులకు ఎదురు నిలిపిన అమెరికా, కెనడా వైరం కథ అక్కడ అర్ధాంతరంగా తెగిపోయిందని నా అభిప్రాయం. అప్పట్లో వారం వారం చూసినవారికి ఎలా అనిపించిందో దయచేసి చెప్పండి.