నారింజ తొక్కల పొడి వేస్తే నీళ్లు శుభ్రం కాకపోగా ఇంకా పాడవుతున్నాయి, ఎవరైనా చెప్పండి ప్లీజ్

సగంగ్లాసు:
పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టాను, ఇప్పుడు రాత్రి పదకొండు. ఎల్లుండి ప్రాజెక్టు చూపించాలి. నారింజ తొక్కలు ఎండబెట్టి, పొడి కొట్టి, రంగు నీళ్లలో వేస్తున్నాను. పండ్ల తొక్కలు నీళ్లలో మలినాలను పీల్చేస్తాయని ఎక్కడ చూసినా రాసి ఉంది. మొన్న చేస్తే రంగు బాగానే తగ్గింది కూడా. ఇవాళ అదే పొడి, అదే కొలత, నాలుగుసార్లు చేశాను. రంగు కదల్లేదు. పైగా నీళ్లు గోధుమరంగుకు తిరిగాయి. నీళ్లలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటరు పెడితే 140 ఉన్నది 390 చూపిస్తోంది! ఎక్కడ తప్పు చేస్తున్నానో అర్థం కావట్లేదు.

పీహెచ్‌ఏడు:
ఏ రంగు? పీహెచ్ ఎంత?

సగంగ్లాసు:
ఎర్ర రంగు. పీహెచ్ మామూలే సర్.

పీహెచ్‌ఏడు:
"మామూలే" అంకె కాదు.

పాతమాస్టారు:
బాబూ, ముందు ఒక మాట సరిచేసుకో. "పీల్చేస్తాయి" అని రాశావు. స్పాంజి నీటిని పీల్చుకున్నట్టు పదార్థం లోపలికంతా వెళ్లిపోతే అది శోషణం. పైతలానికి మాత్రమే అంటుకుంటే అధిశోషణం. తొక్కల పొడి చేసేది రెండోది. ఎంత అంటుకుంటుందో లెక్కగట్టడానికి ఫ్రాయిండ్లిష్ సమీకరణం ఉంది, లాంగ్మ్యూర్ సమీకరణం ఉంది. ఆ లాంగ్మ్యూర్‌కే 1932లో నోబెల్ వచ్చింది, ఉపరితల రసాయనశాస్త్రంలో చేసిన పనికి. ఎల్లుండి ఎవరైనా అడిగితే "పీల్చింది" అనకు, మార్కులు పోతాయి.

వడపోత:
మాస్టారూ, పిల్లాడు పదిహేను గంటలుగా నిలబడి ఉన్నాడు, నోబెల్ ఇప్పుడెందుకండీ. ఆ మాటకొస్తే లోహాల విషయంలో అధిశోషణం అన్నా పూర్తిగా సరిపోదు. తొక్కలో పెక్టిన్ అనే జిగురులాంటి పదార్థం ఉంటుంది, అది సీసాన్నో రాగినో పట్టుకుని, బదులుగా తనలో ఉన్న కాల్షియాన్నో పొటాషియాన్నో వదిలేస్తుంది. అది అయాన్ల మార్పిడి. అందుకే చాలామంది అన్నిటినీ కలిపి బయోసార్ప్షన్ అనేస్తారు.

పాతమాస్టారు:
అన్నిటినీ కలిపేస్తే ఇక మాటలెందుకు?

వడపోత:
సరే, మీరే గెలిచారు. సగంగ్లాసూ, నువ్వు ఆ టీడీఎస్ గోల వదిలెయ్. ఆ మీటరు నిజానికి చూసేది నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందనే. పచ్చి తొక్కలో పొటాషియం బోలెడు. కడగని పొడి వేస్తే అదంతా నీళ్లలోకి దిగుతుంది, అంకె పెరుగుతుంది. ఇంకో సంగతి. తాగే నీటిలో సీసానికి డబ్ల్యూహెచ్‌వో పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. నీ మీటరులో ఒక్క అంకె కదలాలంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము, అంటే దానికి వంద రెట్లు ఉండాలి. కాబట్టి నీళ్లు బాగుపడ్డాయో లేదో ఆ మీటరు నీకు చెప్పదు.

గోధుమరంగు కూడా తొక్కదే. పొడిని వేడినీళ్లలో వేసి కలుపు, తేరనివ్వు, పైనీళ్లు పారబోయి, మళ్లీ వెయ్యి. నీళ్లు తేటగా వచ్చేదాకా చెయ్యాలి. ఐదారుసార్లు పట్టినా ఆశ్చర్యపోకు. తర్వాత ఆరబెట్టి వాడు. కడిగావా అసలు?

సగంగ్లాసు:
తొక్కలు కడిగానండీ, పొడి చేయకముందు. పొడిని కడగాలని ఎక్కడా లేదు.

మట్టికుండీ:
అది సరే, పనయ్యాక ఆ పొడి ఎక్కడ పారేస్తున్నారు? దీని గురించి ఒక్కరూ మాట్లాడరు. మలినం ఎక్కడికీ పోలేదు, నీళ్లలోంచి తొక్కలోకి మారిందంతే. తొక్కే కదా అని దాన్ని మొక్కలకి వేస్తే సీసమైనా రంగైనా నేరుగా మట్టిలోకి. రంగు నీళ్లతో చేసిన పొడిని నా కంపోస్టులో ఎవరైనా వేస్తే ఊరుకోను.

పీహెచ్‌ఏడు:
ఏ ఎర్ర రంగు? సీసా మీద పేరు చదువు.

సగంగ్లాసు:
కాంగో రెడ్. అది ముఖ్యమా సర్? ఏ రంగైనా ఒకటే అనుకున్నా.

పీహెచ్‌ఏడు:
అదే ముఖ్యం. పీహెచ్ నాలుగు దాటాక పెక్టిన్‌లోని కార్బాక్సిల్ సమూహాలు, అంటే దానిలోని ఆమ్ల భాగాలు, చాలావరకు రుణావేశంతో ఉంటాయి. కాంగో రెడ్‌ది కూడా రుణావేశమే. రెండూ ఒకదాన్నొకటి నెడతాయి.

ల్యాబ్‌కోటు:
అంత ఖరాఖండిగా చెప్పకండి. నారింజ తొక్కతో కాంగో రెడ్ తీసిన పేపర్ 1996లోనే వచ్చింది. గ్రాము తొక్కకు సుమారు 22 మిల్లీగ్రాముల రంగు పట్టుకున్నట్టు అందులో ఉంది. ఆవేశం ఒక్కటే కథ కాదు.

పీహెచ్‌ఏడు:
తగిన పీహెచ్‌లో, తగినంత పొడితో. ఇతను చెంచాతో కొలుస్తున్నాడు.

సగంగ్లాసు:
చెంచాతోనే, మీకెలా తెలుసు? అయితే ఆసిడ్ పోసి పీహెచ్ తగ్గించనా?

ల్యాబ్‌కోటు:
ఊరికే పొయ్యకు. పీహెచ్ మూడుకి దిగితే కాంగో రెడ్ నీలమైపోతుంది, అది పీహెచ్‌ని బట్టి రంగు మారే సూచిక కూడా కదా. ఎరుపు పోయిందని ఫోటో తీసుకుంటావు, రంగు మాత్రం అక్కడే ఉంటుంది. ఇంకోటి, చేతులకు గ్లవ్స్ వేసుకో. అది బెంజిడీన్ అనే క్యాన్సర్ కారక రసాయనంతో తయారైన రంగు, మంచిది కాదు.

వడపోత:
నాకు ఒకటి పట్టుకుంది. మొన్న తగ్గిందన్నావు. మొన్నకీ ఇవాళ్టికీ ఏం మారింది?

సగంగ్లాసు:
ఏమీ మారలేదండీ. అదే పొడి, అదే రంగు, అదే గిన్నె. మొన్న పాత కాటన్ గుడ్డతో వడకట్టాను, దానికి మరకలైపోయాయని ఇవాళ సన్నటి స్టీలు జల్లెడ వాడాను, అంతే.

వడపోత:
ఏమీ మారలేదట!

పీహెచ్‌ఏడు:
దొరికింది. కాంగో రెడ్ నూలుబట్టకి వేసే రంగు. వేరే మందు అక్కర్లేకుండా నేరుగా నూలుకు అంటే రంగుల్లో మొదటిది, 1880ల నాటిది. మొన్న రంగు తీసింది నీ గుడ్డ.

వడపోత:
నమ్మకపోతే పొడి వెయ్యకుండా ఉత్త రంగు నీళ్లు ఆ గుడ్డలోంచి రెండు మూడుసార్లు పోసి చూడు. నూలులాగే వడపోత కాగితమూ సెల్యులోజే, దానితోనూ జాగ్రత్త.

సగంగ్లాసు:
పోశాను. గుడ్డ ఎర్రగా తయారైంది, మూడోసారికి నీళ్లు బాగా లేతబడ్డాయి. పొడి చిటికెడు కూడా వెయ్యలేదు. ఇప్పుడు ఎల్లుండికి గుడ్డ మీద ప్రాజెక్టు చెప్పనా 😭

వడపోత:
టెన్షన్ పడకు, టైముంది. మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు తీసుకో. దానిది ధనావేశం, తొక్క బాగా పట్టుకుంటుంది. పొడిని కడుగు, తూకం వేసి వాడు. గుడ్డా కాగితమూ వద్దు, తేరనిచ్చి పైనీళ్లు మెల్లగా వంచుకో. మూడు గ్లాసులు పెట్టు: రంగు ఒక్కటే ఉన్నది, రంగూ పొడీ కలిసినది, మంచినీళ్లలో పొడి ఒక్కటే వేసినది. ఆ మూడోది లేకపోతే గోధుమరంగు ఎక్కడిదో చెప్పలేవు. రంగు కొలిచే పరికరం లేకపోతే అదే రంగును సగం, పావు, అరపావు చొప్పున పలచన చేసి ఒకేలాంటి గాజు గొట్టాల్లో వరుసగా పెట్టు, నీది దేనికి దగ్గరో చూసి రాసుకో.

ల్యాబ్‌కోటు:
దొరికితే కాస్త పలుచటి సోడియం హైడ్రాక్సైడ్, 0.1 మోలార్ చాలు, అందులో పొడిని కాసేపు నానబెట్టి బాగా కడుగు. పెక్టిన్‌లో మూసుకుని ఉన్న కార్బాక్సిల్ సమూహాలు విడివడతాయి, ఇంకా బాగా పట్టుకుంటుంది.

పాతమాస్టారు:
ఇంతకీ గుడ్డ విషయంలో రంగు నూలుపోగు లోపలికే వెళుతుంది. అక్కడ అధిశోషణమా, శోషణమా? నేననేది ఇదే.

పీహెచ్‌ఏడు:
మాస్టారూ, అద్దకం.

సగంగ్లాసు:
మిథిలీన్ బ్లూ సీనియర్ దగ్గర ఉందట, ఇప్పుడే వెళుతున్నా. పొడి నాలుగోసారి కడుగుతున్నాను, నీళ్లు ఇంకా పసుపుపచ్చగానే వస్తున్నాయి. థాంక్స్ అందరికీ.

మట్టికుండీ:
ఆ ఎర్ర గుడ్డ ఏం చేశావు?