65 పాయింట్లకు రీజినల్ వీసా: చేను అమ్మి వెళ్ళాలా, వద్దా?

హంటర్‌రోడ్ సివిల్

అందరికీ నమస్తే. నాకు 34. వరంగల్‌లోనే బీటెక్ సివిల్ చదివి తొమ్మిదేళ్ళుగా సైట్ల మీద తిరుగుతున్నా. ఆస్ట్రేలియా వీసాకు నా పాయింట్ల లెక్క ఇది: వయసుకు 25, డిగ్రీకి 15, ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగింటా 7 వచ్చింది కాబట్టి 10, అనుభవానికి 10, మా ఆవిడకు ఇంగ్లిష్‌లో 6 ఉంది కాబట్టి 5. మొత్తం 65. తొమ్మిదేళ్ళ అనుభవానికి 15 రావాలి కదా అంటారేమో. మొదటి మూడేళ్ళు ఓ చిన్న కాంట్రాక్టర్ దగ్గర చేశా. జీతం చేతిలో పెట్టేవాడు, పీఎఫ్ లేదు, స్లిప్పు లేదు. ఆ మూడేళ్ళకు సాక్ష్యం నా సైట్ డైరీ, మోకాలి మీద మచ్చ.

హన్మకొండలో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు 491 రీజినల్ వీసా వేద్దాం, అక్కడి ఒక రాష్ట్రం నామినేట్ చేస్తే ఇంకో 15 కలుస్తాయి, 80తో పక్కా అంటున్నారు. వాళ్ళ ఫీజు రెండున్నర లక్షలు, వీసా ఖర్చు వేరే. నాన్న ఎకరం మిర్చి చేను అమ్ముదాం అంటున్నాడు. ఏం చేయమంటారు?

టూవూంబాలో పరకాల

తమ్ముడూ, నేను 491 మీదే వచ్చా. రెండేళ్ళు దాటింది. క్వీన్స్‌లాండ్‌లో టూవూంబా, బ్రిస్బేన్ నుంచి కారులో గంటన్నర పైన. నాదీ సివిలే. వచ్చాక ఏడు నెలలు ఇంజనీర్ పని దొరకలేదు, గోదాములో రాత్రి షిఫ్ట్ చేశా. తర్వాత రోడ్ల పని చేసే ఒక కాంట్రాక్టర్ తీసుకున్నాడు. ఇప్పుడు ఫరవాలేదు, మా పాప బడికి నడిచే వెళ్తుంది.

రీజినల్ అనగానే మనవాళ్ళు అడవి అనుకుంటారు. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ తప్ప మిగతా దేశమంతా ఈ వీసాకు రీజినలే. అడిలైడ్, పెర్త్, కాన్‌బెర్రా కూడా. వీసా ఐదేళ్ళకు ఇస్తారు, మెడికేర్, అంటే ప్రభుత్వ వైద్యం, ఉంటుంది. మూడేళ్ళు ఉండి, మూడు ఆర్థిక సంవత్సరాల పన్ను నోటీసులు చూపిస్తే 191 అనే పీఆర్‌కు, అంటే శాశ్వత నివాసానికి, వేసుకోవచ్చు. పౌరసత్వానికి అడిగే నాలుగేళ్ళలో 491 మీద ఉన్న కాలం కూడా కలుస్తుంది, చివరి ఏడాది మాత్రం పీఆర్ మీద ఉండాలి.

వెళ్ళమనే అంటా. చేను మాత్రం అమ్మకు.

జగిత్యాల 2001

పరకాల అన్నా, ఆ ఏడు నెలలు మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. నేను అక్కడే ఆగుతా.

మా నాన్న 2001లో దుబాయ్ వీసాకు అప్పు చేశాడు, నూటికి మూడు రూపాయల వడ్డీ. మొదటి రెండేళ్ళు అసలు కదల్లేదు. ప్రతి నెలా అమ్మ ఉత్తరంలో వడ్డీ ఎంత కట్టిందో రాసేది, మిగతా కబుర్లు దాని కింద. ఇప్పుడు ఈ తమ్ముడి సంగతి చూడండి. ఐదు లక్షలు అప్పు చేస్తే అదే వడ్డీకి నెలకు పదిహేను వేలు. ఏడు నెలలకు లక్షా ఐదు వేలు, అసలు అసల్లాగే ఉంటుంది. మన జగిత్యాల, నిజామాబాద్ దిక్కు ప్రతి ఊళ్ళో ఈ కథ ఉంది. దేశం పేరు మారినంత మాత్రాన అప్పు మారదు.

టూవూంబాలో పరకాల

లెక్క తప్పని నేను అనను. కానీ గల్ఫ్‌తో పోల్చొద్దు. అక్కడ ముప్పై ఏళ్ళున్నా మనది కాని దేశం. ఇక్కడ గోదాములో చేసినా చట్టం ప్రకారం కనీస వేతనం ఉంది, 2025 జూలైలో దాన్ని గంటకు 24.95 డాలర్లు చేశారు. మా ఆవిడకూ పని చేసే హక్కు వచ్చింది. ఇద్దరం చేశాం కాబట్టే ఆ ఏడు నెలలు ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోలేదు. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది కారు లేకపోవడం. బస్సు సాయంత్రమే ఆగిపోతుంది, నా షిఫ్ట్ రాత్రి పదింటికి. మొదటి రెండు వారాలు గంటంపావు నడిచా.

నక్కలగుట్ట బాయ్

ఇంత టెన్షన్ ఎందుకు బ్రో? 491 తీసుకో, దిగాక మెల్‌బోర్న్ వెళ్ళిపో. ఎవడు చూస్తాడు?

కరీంనగర్ సిస్టర్

ఇలాంటి సలహాలతోనే కొంపలు మునిగేది. 491కు 8579 అనే షరతు ఉంటుంది: నివాసం, పని, చదువు మూడూ రీజినల్‌లోనే. రేపు 191కు వేసినప్పుడు ఎక్కడ ఉన్నావో, ఎక్కడ పని చేశావో కాగితాలు అడుగుతారు. షరతు దాటితే వీసా రద్దు చేసే అధికారం వాళ్ళకు ఉంది. చూసేవాడు ఉన్నాడు తమ్ముడూ.

ఇక అసలు విషయం. నేను నర్సును, దక్షిణ ఆస్ట్రేలియాలో ఉంటా. అందరూ పాయింట్ల మీదే మాట్లాడుతున్నారు. 65 ఉంటే క్యూలో నిలబడనిస్తారు, అంతే. పిలిచేది వృత్తిని బట్టి. ఏ రాష్ట్రానికి ఎవరు కావాలో ఆ రాష్ట్రమే తేల్చుకుంటుంది, ఏడాదికోసారి మారుస్తుంది. చాలాచోట్ల ఇప్పటికే అక్కడ ఉండి పని చేస్తున్నవాళ్ళకే ముందు చోటు, ఇండియా నుంచి వేసేవాళ్ళకు మిగిలేది కొంచెం. మా తోటికోడలి తమ్ముడు సాఫ్ట్‌వేర్ టెస్టర్. 85 పెట్టుకుని రెండేళ్ళు చూశాడు, ఈఓఐ (ఆసక్తి తెలిపే దరఖాస్తు) గడువే ముగిసింది. నాకు 491తో కలిపి 80, పిలుపు వచ్చింది. నేనేదో అతని కంటే గొప్పదాన్నని కాదు, ఆసుపత్రిలో మనుషులు లేరు.

కాబట్టి హంటర్‌రోడ్ గారూ, "80తో పక్కా" అన్నవాళ్ళను ఏ రాష్ట్రం, ఏ జాబితా అని అడగండి. ఇంకొకటి కూడా అడగండి: మన చదువును, అనుభవాన్ని తూచే ఇంజనీర్స్ ఆస్ట్రేలియా సంస్థకు ఇచ్చే సీడీఆర్ నివేదిక ఎవరు రాస్తారని. మీ సొంత పని మీద మూడు కెరీర్ ఎపిసోడ్లు మీరే రాయాలి. నమూనా దించి ఇస్తారు కొందరు, దొరికితే నిషేధం పడేది మీ మీద, వాళ్ళ మీద కాదు.

కాజీపేట టు హాలిఫాక్స్

కెనడా గురించి ఎవరూ ఎత్తలేదు. ఇక్కడ ప్రావిన్స్ నామినేట్ చేస్తే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పాయింట్ల పద్ధతిలో ఏకంగా 600 పాయింట్లు. నేను తూర్పు తీరం ప్రావిన్సుల కోసం పెట్టిన అట్లాంటిక్ ప్రోగ్రామ్ మీద వచ్చా, అందులో ఆ పాయింట్ల గోలే లేదు, కానీ గుర్తింపు ఉన్న యజమాని ఉద్యోగం ఇవ్వాలి. పెద్ద తేడా ఏంటంటే ఇక్కడ దిగిన రోజే పీఆర్. మూడేళ్ళ పరీక్ష ఉండదు.

అలాగని ఆశ పెట్టను. 2025కు ప్రావిన్సుల కోటాను 1,10,000 నుంచి 55,000కు కోసేశారు. వయసు పాయింట్లు 29 దాటాక ఏడాదికి ఐదారు చొప్పున కరిగిపోతాయి, మీకు 34.

నక్కలగుట్ట బాయ్

అదే మరి! పీఆర్ ఉంటే టొరంటో పోవచ్చు కదా, కెనడాలో ఎక్కడికైనా పోయే హక్కు ఉందంటారు.

కాజీపేట టు హాలిఫాక్స్

హక్కు ఉంది, కెనడా హక్కుల చార్టర్ 6వ సెక్షన్. కానీ ఉండే ఉద్దేశం లేకుండానే ఉంటానని సంతకం చేస్తే అది అబద్ధపు దరఖాస్తు. నన్నడిగితే, చట్టం కంటే ముందు మనవాళ్ళ సంగతి చూడాలి. ముందు వచ్చినవాడు వారం తిరక్కుండా టొరంటో బస్సెక్కితే, యజమాని తర్వాత వచ్చే వరంగల్ వాడి ఫైలు పక్కన పెడతాడు. మా ఆఫీసులో అలా ఒకరు వెళ్ళిపోయాక మళ్ళీ ఇండియా నుంచి ఎవరినీ తీసుకోలేదు.

జగిత్యాల 2001

యజమాని ఏదో దయ చూపుతున్నట్టు చెప్తున్నారు. జనం ఉండలేకపోయే ఊరికి పాయింట్లు ఎర వేసి పిలవడమే ఇది. ఉద్యోగం పోతే రీజినల్ గీత దాటకుండా ఎక్కడ వెతుక్కుంటాడు?

టూవూంబాలో పరకాల

ఒకే ఊళ్ళో కట్టేసినట్టేం కాదు భయ్యా, వీసా మీద వేరే రీజినల్ ఊరికి మారొచ్చు. నామినేట్ చేసిన రాష్ట్రానికి ఇచ్చిన మాట ఏంటో మాత్రం చూసుకోవాలి. కానీ అడగాల్సిన ప్రశ్నే అడిగారు. చిన్న ఊళ్ళో సివిల్ కంపెనీలు నాలుగే ఉంటే, నలుగురూ వద్దంటే ఐదోది ఉండదు. అందుకే ఏడు నెలలు పట్టింది నాకు.

హంటర్‌రోడ్ సివిల్

అందరికీ థాంక్స్. నిన్న కన్సల్టెన్సీకి వెళ్ళి కరీంనగర్ అక్క చెప్పినట్టే అడిగా. ఏ రాష్ట్రం అంటే "ఏదో ఒకటి వస్తుంది సార్" అన్నారు. సీడీఆర్ "మా దగ్గర రెడీగా ఉంటుంది" అన్నారు. లేచి వచ్చేశా. నాన్నతో చేను మాట ఎత్తొద్దన్నా. ఆయన మొహంలో రిలీఫ్ చూసి నాకే సిగ్గేసింది.

ఒక్క ప్రశ్న. దగ్గరి బంధువు రీజినల్‌లో ఉంటే అతని స్పాన్సర్‌షిప్‌కూ 15 వస్తాయట. మా పెద్దనాన్న కొడుకు టార్నీట్‌లో ఉంటాడు, పీఆర్ ఉంది.

కరీంనగర్ సిస్టర్

పెద్దనాన్న కొడుకు పనికొస్తాడు, టార్నీట్ పనికిరాదు. అది మెల్‌బోర్న్ కిందికే వస్తుంది. అదే గంట దూరంలో జీలాంగ్‌లో ఉంటే నడిచేది. పదిహేను పాయింట్ల కోసం మీ అన్నను ఇల్లు మారమనకండి, సీసీఎల్ అనే తెలుగు-ఇంగ్లిష్ దుబాసీ పరీక్ష రాయండి. దానికీ 5 ఉన్నాయి. ఫీజు ఎనిమిది వందల డాలర్ల పైనే. రెండు సంభాషణలు, ఇటు మాట అటు చెప్పాలి. 90కి 63 రావాలి, ఒక్కో సంభాషణలో 45కి కనీసం 29. మన భాషే కదా అని వెళ్ళొద్దు. నేను మొదటిసారి తప్పా. అద్దె ఇంటి సంభాషణలో తెలుగు వాక్యం నిండా ల్యాండ్‌లార్డ్, లీజ్, నోటీస్ పీరియడ్ అనేశా. ఇంటి యజమాని అన్న మాట బయటికొచ్చాక గుర్తొచ్చింది.

హంటర్‌రోడ్ సివిల్

అయితే సీసీఎల్ రాస్తా, ఆ మూడేళ్ళ కాంట్రాక్టర్‌నూ ఒకసారి కలిసి లెటర్ ఇస్తాడేమో అడుగుతా. హన్మకొండ, కాజీపేట వైపు సీసీఎల్‌కు తయారవుతున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆదివారం కూర్చుందాం.

నక్కలగుట్ట బాయ్

నేనున్నా బ్రో. నాదీ 65యే. పొద్దున పదింటికి ఓకేనా?