డల్లాస్‌కు కొత్తగ వచ్చిన, ఇంగ్లీషుకు ఏ యాప్ మంచిది?

మిర్యాలగూడ_కొత్త:
అన్నలకు, అక్కలకు నమస్తే. వచ్చి మూడు వారాలైతుంది. క్లాసుల ఇబ్బంది లేదు గని బ్యాంకుల, కిరాయి ఆఫీసుల నేనొకటి చెప్తే వాళ్లొకటి రాసుకుంటున్నరు. ఇంగ్లీషు సాఫ్ చేసుకోనీకి ఏదన్న మంచి యాప్ చెప్తరా?

బత్తాయితోట:
యాప్ తర్వాత చూద్దాం తమ్మీ. ముందుగాల 'యెస్', 'నో' నేర్చుకో. నవ్వకు, అన్నిట్లకన్న ఎక్కువ దెబ్బ ఇక్కడనే తగులుతది.

"నీకు కార్డు ఇంక రాలేదా?" అని అడిగితే మనం "అవును, రాలేదు" అంటం. అంటే ఎదుటోని మాటకు అవునో కాదో చెప్తున్నం. ఇంగ్లీషుల ఎదుటోని మాటతోని పని లేదు, జరిగిందే లెక్క. వస్తే 'యెస్', రాకుంటే 'నో'. "యూ డోంట్ హ్యావ్ ఎ సోషల్ సెక్యూరిటీ నంబర్ యెట్?" (సర్కారోళ్లు ఇచ్చే గుర్తింపు నంబర్ నీకింక రాలేదా?) అంటే, నంబర్ లేనోడు ఉత్తగ "యెస్" అంటే, ఉందనుకొని నంబర్ చెప్పమంటరు.

నల్లగొండ పిల్లగాడు ఒకడు ఇట్లనే ఇల్లు పోగొట్టుకున్నడు. కిరాయి ఆఫీసోళ్లు ఫోన్ చేసి "సో యూ డోంట్ వాంట్ టు రెన్యూ?" (అయితే కిరాయి ఒప్పందం పొడిగించుకోవా?) అని అడిగిర్రు. వానికి రెన్యూ కావాలె. "లేదు, కావాలె" అని మనసుల అనుకొని నోటితోని "నో" అన్నడు, అవతల హడావిడిల ఉన్నరు, ఫోన్ పెట్టేసిర్రు. వాళ్ల లెక్కల అది 'నో, ఐ డోంట్'. ఇల్లు వేరేటోళ్లకు రాసిచ్చిర్రు. నెలాఖరుకు తాళాలు ఇయ్యమని కాగితం వచ్చినంక గాని వీనికి తెల్వలె. కాగితం తీస్కొని పోతే "మీరే వద్దన్నరు, రికార్డుల ఉంది" అన్నరు. అదే కాంప్లెక్సుల కొత్త రేటుకు ఇంకో ఫ్లాటు తీసుకున్నడు.

మందు ఒక్కటే: ఉత్త 'యెస్', ఉత్త 'నో' ఎన్నడు విడువకు, వెనుక క్రియ తగిలించు. "నో, ఐ డోంట్ హ్యావ్ వన్." "యెస్, ఐ డూ వాంట్ టు రెన్యూ." "డూ యూ మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?" అన్నా అంతే. మైండ్ అంటే అభ్యంతరం. కూసోమనాలంటే "నో, గో అహెడ్" అనాలె.

జూరాల_గేటు:
బత్తాయన్న మంచిగ చెప్పిండు గని అసలు రోగం మన 'సంది'ల ఉంది. మూడేండ్ల సంది, 2022 సంది, మనకు రెండిటికీ ఒకటే సంది. ఇంగ్లీషుల ఎంత కాలమో చెప్తే 'ఫర్', ఎప్పుడు మొదలైందో చెప్తే 'సిన్స్'. "ఐ యామ్ వర్కింగ్ సిన్స్ త్రీ ఇయర్స్" అంటే రెండు తప్పులు. "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఫర్ త్రీ ఇయర్స్" అనాలె.

'వరకు' ఇంకా మోసం. "ఐదో తారీఖు వరకు కడ్త" అంటే మనకు ఆ లోపల ఎప్పుడన్న కడ్త అని. దాన్ని 'టిల్ ఫిఫ్త్' అంటే ఐదు దాక కట్టుకుంట పోయి ఆపేస్త అని అర్థం. లోపల అయితే 'బై', దాక అయితే 'టిల్'. తెలుగుల 'లోపల' పెట్టి చూడు, కుదిరితే 'బై' రాయి.

అచ్చంపేట_అక్క:
దవాఖాన సంగతి ఎవ్వరు చెప్తలేరు. మనకు భుజం నుంచి వేళ్ల దాక చెయ్యే. వాళ్లకు మణికట్టు పైన 'ఆర్మ్', కింద 'హ్యాండ్'. చీలమండ పైన 'లెగ్', కింద 'ఫుట్'. మోచేతి నొప్పికి 'హ్యాండ్' అంటే చూసేటోళ్లు వేళ్ల దగ్గర మొదలుపెడ్తరు. 'పెయినింగ్' కాదు, "మై ఆర్మ్ హర్ట్స్". మోషన్స్ అనొద్దు, 'డయరియా' అను. షుగర్ 'డయాబెటిస్'. ఛాతిల మంటను గ్యాస్ అంటే వాళ్లు కడుపుబ్బరం అనుకుంటరు, అది 'హార్ట్‌బర్న్'. జ్వరం ఫారెన్‌హీట్‌ల చెప్పు, 100.4 గాని అంతకన్న ఎక్కువ గాని ఉంటే జ్వరం కింద రాసుకుంటరు.

పానగల్లు:
పిల్లగాన్ని ఇంత బెదిరిస్తరా? 'ప్రీపోన్' (అనుకున్న తారీఖు కన్న ముందుకు జరుపుడు) కూడా తప్పనేటట్టున్నరు. అది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల ఉంది.

బత్తాయితోట:
నిఘంటువుల ఉంటే ఉండనీ పానగల్లన్నా. డల్లాస్‌ల అపాయింట్‌మెంట్ ప్రీపోన్ చెయ్యమంటే బిత్తరపోయి చూస్తరు. 'మూవ్ ఇట్ అప్' అంటే పని అయితది.

జూరాల_గేటు:
మా లండన్ దిక్కు 'బ్రింగ్ ఇట్ ఫార్వర్డ్' అంటరు. మీ అమెరికా మాటనే ఇంగ్లీషా?

పానగల్లు:
నేననేది వేరే. నవ్వు పుట్టించే తప్పులు వేరు, నష్టం తెచ్చేటివి వేరు. "ఐ యామ్ హియర్ ఓన్లీ" అంటే మన 'ఇక్కడనే'ల ఉన్న 'ఏ' తోక అది, ఎవని సొమ్మూ పోదు. 'కదా'కు ప్రతిసారి 'ఈజింట్ ఇట్' తగిలించినా బతుకొచ్చు. గని "ఆఫీసు ఎక్కడుందో చెప్పండి" అనేది దిద్దుకోవాలె. మనకు 'ఉంది'కి ఓ తగిలిస్తే చాలు, వరుస మారదు. ఇంగ్లీషుల మారుతది: "వేర్ ఈజ్ ది ఆఫీస్" గని "కెన్ యూ టెల్ మీ వేర్ ది ఆఫీస్ ఈజ్".

మర్యాద ఇంకొకటి. మన 'అండి' క్రియలనే ఉంటది. 'ఇవ్వండి'ని 'గివ్ మీ' చేస్తే ఆ అండి రాలిపోతది, హుకుం చేసినట్టు ఉంటది. ప్లీజ్ పెట్టినా సగమే తగ్గుతది. "కుడ్ ఐ గెట్ ది ఫారమ్?" అని అడుగు.

మస్కట్_పాలమూరు:
మా దగ్గర దుకాణంల 'కవర్' అన్నా సంచి ఇస్తరు, ఏ బాధ లేదు. ఒకటి మాత్రం యాదుంచుకో, పోయేటప్పుడు పోయొస్త అని 'ఐ విల్ కమ్' అనకు. మల్ల వస్తవని కూసుంటరు.

మిర్యాలగూడ_కొత్త:
మస్తు థ్యాంక్స్. యాప్ పేరు మాత్రం ఎవ్వరు చెప్పలె. రేపు కిరాయి ఆఫీసుకు ఈ మెయిల్ పంపుదామనుకుంటున్న, చూడుర్రి: "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ హ్యావింగ్ వన్ డౌట్ అబౌట్ లీజ్. ప్లీజ్ టెల్ మీ వాట్ ఈజ్ లాస్ట్ డేట్ ఫర్ నోటీస్. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్."

అచ్చంపేట_అక్క:
చదివేది ఆడామె అయితే 'సర్' ఏంది తమ్మీ? 'హలో' చాలు. దగ్గరున్నదానికి 'హ్యావింగ్' రాదు, 'హ్యావ్'. 'డౌట్' అంటే వాళ్లకు అనుమానం, నీకు కావాల్సింది 'క్వశ్చన్'. 'నీడ్‌ఫుల్' తీసెయ్యి, ఏం కావాల్నో అదే రాయి. ఇట్ల పంపు: "హలో, ఐ హ్యావ్ ఎ క్వశ్చన్ అబౌట్ మై లీజ్. కుడ్ యూ టెల్ మీ వాట్ ది డెడ్‌లైన్ ఈజ్ ఫర్ గివింగ్ నోటీస్?" కింద పేరు, ఫ్లాటు నంబర్.

బత్తాయితోట:
తారీఖు ఉంటే 07/06 అని అంకెలల్ల రాయకు. అక్కడ నెల ముందు, దాన్ని జూలై 6 అని చదువుతరు. 'జూన్ 7' అని నెల పేరు అక్షరాలల్ల రాయి.