గద్ద తేలుతుందా, జారుతుందా? పాల్ మక్రీడీ గురించి రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను

సభ్యులందరికీ నమస్కారం. వారం రోజులుగా ఒకే వాక్యం దగ్గర ఆగిపోయాను. మీ సాయం కావాలి.

హైస్కూలు పిల్లల కోసం పాల్ మక్రీడీ మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. 1925లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో పుట్టి, 2007 ఆగస్టు 28న కన్నుమూసిన శాస్త్రవేత్త. గ్లైడర్, అంటే ఇంజిను లేని విమానం నడపడంలో 1948, 1949, 1953 సంవత్సరాల్లో అమెరికా జాతీయ విజేత. 1956లో ఫ్రాన్స్‌లో జరిగిన ప్రపంచ పోటీలోనూ గెలిచారు. ఆ పోటీ గెలిచిన మొదటి అమెరికన్ ఆయనే. ఇరవై ఏళ్ల తర్వాత మనిషి తన కాళ్ల బలంతో ఎగిరే విమానం చేసి చూపించారు. ఇదంతా తెలుగులో రాయడం కష్టం కాలేదు. ఆగిపోయిన వాక్యం ఇది:

"1976 వేసవిలో కుటుంబంతో కారులో వెళ్తూ, గద్దలు, రాబందులు ఆకాశంలో ........ చూసి మక్రీడీ లెక్కలు కట్టారు."

ఆ చుక్కల్లో ఏం పెట్టాలి? "ఎగరడం" అంటే పిచ్చుక చేసేది కూడా అదే. "చక్కర్లు కొట్టడం" అంటే తిరగడం తెలుస్తుంది కానీ, రెక్క ఆడించకుండానే పైకి పోతోందన్న సంగతి తెలియదు. పత్రికల్లో ఎక్కువగా కనిపించేది "గాలిలో తేలడం". నాకు అసలు ఇబ్బంది ఈ మాటతోనే.

పడవ నీళ్లలో తేలుతుంది. బెలూన్ గాలిలో తేలుతుంది, చుట్టూ ఉన్న గాలికన్నా అది తేలిక కాబట్టి. గద్ద తేలిక కాదు, గ్లైడర్ అంతకన్నా కాదు. ఇంజిను లేని విమానం గాలిలో ఉన్నంతసేపూ కిందికి జారుతూనే ఉంటుంది. మంచి గ్లైడరయితే 40 మీటర్లు ముందుకు పోయేసరికి ఒక మీటరు దిగుతుంది. జారుడుబల్ల మీద పిల్లాడు జారినట్టే, కాకపోతే బల్ల వాలు చాలా తక్కువ. మరి పైకి ఎలా పోతుంది? ఎండకు కాగిన నేల మీంచి వేడిగాలి స్తంభంలా పైకి లేస్తుంది. గద్ద సెకనుకు ముప్పావు మీటరు చొప్పున దిగుతూ ఉండగా, దాని చుట్టూ ఉన్న గాలి సెకనుకు 3 మీటర్లు లేస్తుంటే, గద్ద పైకి పోయినట్టే కదా. తను దిగుతూనే ఉంటుంది, గాలి దాన్ని ఎత్తుకుపోతూ ఉంటుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే మక్రీడీ జీవితం సగం అర్థమైనట్టే. "తేలడం" అని రాస్తే పిల్లలకు అదే తప్పుగా అర్థమవుతుంది.

నా ప్రతిపాదన: గ్లైడింగ్‌కు "జారడం", లేచే గాలితో పైకి పోవడానికి "గాలెక్కడం". చెట్టెక్కినట్టు, బండెక్కినట్టు. గద్ద గాలెక్కింది. మీరేమంటారు?

ఒక అక్క రాసిన వ్యాఖ్య: మా ఇంట్లో గాలెక్కించేది సైకిలు టైరుకే తమ్ముడూ! "గద్ద గాలెక్కింది" అంటే మా పిల్లలు గద్ద ఉబ్బింది అనుకుంటారు. "గాలి పట్టింది" కూడా వద్దు, మా వైపు అది దయ్యం పట్టడం లాంటిది.

నా జవాబు: నిజమే అక్కా. ఎక్కడానికి, ఎక్కించడానికి తేడా ఉందని వాదించవచ్చు. కానీ చదవగానే టైరు గుర్తొచ్చే మాటను పాఠంలో పెట్టడం సరికాదు. ఇంకొకటి వెతుకుదాం.

విజయనగరం నుంచి ఒక తెలుగు మాస్టారు: పక్షి గతులకు పాత మాటలున్నాయి బాబూ. అమరకోశంలో "ప్రడీనోడ్డీనసండీనాన్యేతాః ఖగగతిక్రియాః" అని ఉంది. భారతం కర్ణపర్వంలో శల్యుడు కర్ణుడికి చెప్పే హంస కాకి కథ చూడు. నూటొక్క రకాలుగా ఎగరగలనని కాకి గొప్పలు చెప్తూ ఉడ్డీనం, అవడీనం, ప్రడీనం, డీనం, నిడీనం, సండీనం అని వరసపెట్టి పేర్లు చదువుతుంది. ఉడ్డీనం పైకి ఎగరడం, అవడీనం కిందికి దిగడం. వీటిలో ఒకటి తీసుకోరాదా?

నా జవాబు: మాస్టారూ, మీ వ్యాఖ్య చదివి పుస్తకం తీసి ఆ ఘట్టం మళ్లీ చదివాను. మీకు చాలా రుణపడ్డాను. ఉడ్డీనం, అవడీనం రెండూ దిక్కును బట్టి పెట్టిన పేర్లు. గద్ద చేసే పని ఆ రెంటికీ ఒకేసారి చెందుతుంది. నేల మీంచి చూసేవాడికి అది ఉడ్డీనం. గాలితో పోల్చి చూస్తే అవడీనం. పైకి పోతున్న అవడీనం! పిల్లలకు ఈ సంగతి ఇంతకన్నా చిన్నగా చెప్పలేను. వాళ్లకు ఈ మాటలు కొత్త కాబట్టి పెట్టె కట్టి పక్కన వేస్తాను, వాక్యంలో మాత్రం తేలిక మాటే కావాలి.

ఆ కథ చదువుతుంటే మక్రీడీయే గుర్తొచ్చారు. కాకికి నూటొక్క గతులు వచ్చు. హంసకు వచ్చింది ఒక్కటే. సముద్రం మీదికి వెళ్లాక కాకి అలిసి నీళ్లలో పడబోతే, హంసే దాన్ని మోసుకొచ్చింది. 1979 జూన్ 12న మక్రీడీ బృందం చేసిన "గోసమర్ ఆల్బట్రాస్" అనే మనిషి బలంతో ఎగిరే విమానం, ఇంగ్లండ్‌కూ ఫ్రాన్స్‌కూ మధ్యనున్న ఇంగ్లిష్ ఛానల్ సముద్రాన్ని దాటింది. బ్రయన్ ఆలెన్ అనే సైకిలిస్టు పెడల్ తొక్కుతూ దాన్ని నడిపాడు. 35.8 కిలోమీటర్లకు 2 గంటల 49 నిమిషాలు పట్టింది. నీటికి మనిషెత్తు కూడా లేని ఎత్తులో ఎక్కువ దూరం పోయింది. ఎదురుగాలి వచ్చింది, తాగే నీళ్లు అయిపోయాయి, కాళ్లు పట్టేశాయి. ఇక చాలనుకుని, వెంట వస్తున్న పడవతో లాగించుకోవడానికి సైగ చేశాడు. పడవ వాళ్లు తాడు తగిలించేందుకు వీలుగా కాస్త పైకి లేస్తే అక్కడ గాలి నెమ్మదిగా ఉందని తెలిసింది. దాంతో మళ్లీ తొక్కాడు, ఫ్రాన్స్ ఒడ్డు చేరాడు. కొద్దిపాటి ఎత్తు తేడాలో గాలి గుణం మారిపోతుందన్న సంగతి ఆ మనిషి ప్రాణాల మీదికి వచ్చిన వేళ తెలిసింది. ఈ ముక్క రాసేటప్పుడు నా గుండె దడదడలాడింది.

ఫిజిక్స్ చెప్పే ఒక తమ్ముడు: అన్నా, గద్దల్ని చూసి ఆయన కట్టిన లెక్క ఏమిటో వివరంగా చెప్పండి. మాట దానంతటదే దొరకవచ్చు.

నా జవాబు: మంచి ప్రశ్న. చుట్టు తిరిగే పక్షి ఒక పక్కకు ఒరుగుతుంది. ఎంత ఒరిగిందో కంటితో అంచనా వేసి, ఒక చుట్టుకు ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తే చాలు. దాని వేగం, చుట్టు పెద్దదా చిన్నదా అన్నవి రెండూ లెక్కలోంచి వచ్చేస్తాయి. పక్షి బరువు తెలియక్కర్లేదు, ఎత్తు తెలియక్కర్లేదు. ఉదాహరణకు 30 డిగ్రీలు ఒరిగి 12 సెకన్లలో చుట్టు పూర్తిచేస్తే, వేగం గంటకు సుమారు 39 కిలోమీటర్లు, చుట్టు వ్యాసార్థం 20 మీటర్ల పైచిలుకు. మీ పిల్లల చేత మేడ మీంచి ఈ లెక్క చేయించండి, ఖర్చు లేని ప్రయోగం.

అప్పుడు మక్రీడీ తలలో ఇంకో బరువు కూడా ఉంది. బంధువు అప్పుకు హామీ ఉన్నారు. ఆ వ్యాపారం నిలవలేదు, దాదాపు 1,00,000 డాలర్లు మీద పడ్డాయి. హెన్రీ క్రీమర్ అనే బ్రిటిష్ పారిశ్రామికవేత్త 1959లో ఒక బహుమతి ప్రకటించారు. మనిషి బలంతో ఎగిరే విమానం అరమైలు దూరంలో ఉన్న రెండు గుర్తుల చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో తిరిగి రావాలి. ఎవరూ గెలవక ఆ మొత్తం 50,000 పౌండ్లకు పెరిగింది. అప్పట్లో పౌండు దాదాపు 2 డాలర్లు. అప్పూ బహుమతీ సరిపోయాయని మక్రీడీ గమనించారు!

ఇక అసలు ఆలోచన. బరువు పెంచకుండా గ్లైడర్ కొలతలన్నీ మూడింతలు చేస్తే రెక్క వైశాల్యం తొమ్మిదింతలవుతుంది. మూడో వంతు వేగంతోనే గాలిలో నిలుస్తుంది, కావలసిన బలమూ మూడో వంతుకు పడిపోతుంది. అంత బలం మంచి సైకిలిస్టు కాళ్లలో ఉంటుంది. అలా పుట్టింది "గోసమర్ కాండర్". రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకు 29 మీటర్లు, బరువు 32 కిలోలు. సన్నని అల్యూమినియం గొట్టాలు, పియానో తీగ, పల్చని ప్లాస్టిక్ పొర. విరిగితే ఆ పూటే అతికించి మళ్లీ ఎగరేసేవారు. మిగతా బృందాలు అందంగా, నున్నగా కట్టిన విమానం ఒకసారి విరిగితే నెలలు పట్టేది. నా దృష్టిలో గెలుపుకు అసలు కారణం ఇదే. 1977 ఆగస్టు 23న కాలిఫోర్నియాలోని షాఫ్టర్‌లో బ్రయన్ ఆలెనే దాన్ని తొక్కి ఎనిమిది పూర్తిచేశాడు.

ఒక చేనేత కుటుంబం సభ్యురాలు: ఆ "గోసమర్"ను తెలుగులో ఏమంటున్నారు? "ఉల్లిపొర" బాగుంటుంది. పల్చని బట్టను మేం అలాగే అంటాం.

నా జవాబు: పల్చదనానికి ఉల్లిపొరను మించిన మాట లేదమ్మా. ప్లాస్టిక్ పొర గురించి చెప్పేచోట దాన్నే వాడతాను. అయితే ఆ ఇంగ్లిష్ మాటకు మూలం సాలీడు. చిన్న సాలెపురుగు గడ్డిపరక చివరికెక్కి ఒక పోగు వదులుతుంది, గాలి ఆ పోగుతో పాటు పురుగునూ ఎత్తుకుపోతుంది. అందుకని పేరు వచ్చేచోట "సాలెపోగు". కాండర్ దక్షిణ, ఉత్తర అమెరికాల్లో ఉండే పెద్ద రాబందు. "సాలెపోగు రాబందు" అని ఒకసారి అర్థం చెప్పి, తర్వాత అసలు పేరే ఉంచుతాను.

రాబందు మాట వచ్చింది కాబట్టి: ఇప్పటి పిల్లల్లో చాలామంది దాన్ని చూడనేలేదు. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వాటిని చంపేసింది. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని మన దేశంలో నిషేధించారు. పక్షి కనబడకపోతే, అది చేసే పనికి పేరు ఎవరు పెడతారు?

గుంటూరు నుంచి ఇంకో సభ్యుడు: గాలిపటం ఎగరేసేటప్పుడు మేం ఒక మాట అనేవాళ్లం. దారం వదులుతూ, లాగుతూ కాసేపు తంటాలు పడతాం. కాసేపటికి "గాలి అందుకుంది" అంటాం. ఇక అది దానంతటదే పోతుంది. గద్దకూ అదే కాదా?

నా జవాబు: అదే! ఈ చర్చ పెట్టినందుకు నాకు దొరికింది ఇదే. "అందుకోవడం"లో వెతకడం ఉంది, చేయి చాచడం ఉంది, దొరకడం ఉంది. "గాలివాటం" అంటే గాలి ఎటు తోస్తే అటు పోవడం. "గాలి అందుకోవడం" దానికి సరిగ్గా ఎదురు. గాలి ఎక్కడ లేస్తోందో కనిపెట్టి అక్కడికి పోవడం. ఎండాకాలం మధ్యాహ్నం పొలంలో దుమ్ము సుడి తిరిగితే, దాని పైన లేచే గాలి ఉంటుందని గ్లైడర్ నడిపేవాళ్లకు తెలుసు.

మక్రీడీ పేరు గ్లైడర్ వాళ్ల నోట ఇప్పటికీ ఉన్నది ఈ అందుకోవడం వల్లే. ఒకచోట ఎత్తు సంపాదించాక తర్వాతి లేచే గాలి దాకా ఎంత వేగంగా జారాలి? నెమ్మదిగా పోతే ఎత్తు మిగులుతుంది, కాలం పోతుంది. వేగంగా పోతే కాలం మిగులుతుంది, ఎత్తు పోతుంది. ముందున్న గాలి బలంగా లేపుతుందనిపిస్తే తెగించి వేగం పెంచాలి, బలహీనమైతే తగ్గించాలి, దిగే గాలిలో చిక్కితే త్వరగా దాటేయాలి అని ఆయన లెక్క తేల్చారు. ఎక్కే దిగే వేగం చూపే పరికరం చుట్టూ తిప్పుకునే ఒక వలయంగా దాన్ని చేసి పెట్టారు. దాన్ని మక్రీడీ వలయం అంటారు. ఇప్పటి గ్లైడర్లలోని కంప్యూటర్లలోనూ ఆయన పేరుతోనే ఆ లెక్క నడుస్తోంది.

అందరి మాటలూ కలిపి వాక్యం ఇలా మార్చాను. ఇంకా సవరణలుంటే ఆదివారం లోపు చెప్పండి, ఆ తర్వాత ప్రతి అచ్చుకు పోతుంది.

"1976 వేసవిలో కుటుంబంతో కారులో వెళ్తూ మక్రీడీ ఆకాశంలోకి చూశారు. గద్దలు, రాబందులు రెక్క ఆడించకుండా జారుతున్నాయి. జారుతూ జారుతూ ఒకచోట గాలి అందుకుని, ఒక పక్కకు ఒరిగి, చుట్లు తిరుగుతూ పైకి పోతున్నాయి. ఒక్కో చుట్టుకు ఎన్ని సెకన్లు పడుతున్నాయో ఆయన లెక్కపెట్టడం మొదలుపెట్టారు."