గంజాయి వల్లే వాంతులని తమ్ముడిని నమ్మించడం ఎలా?

కొన్నేళ్లుగా రోజూ గంజాయి తాగుతున్న మా తమ్ముడికి ఏడాది కాలంగా తెల్లవారుజామున వికారం మొదలై, పైకడుపులో నొప్పితో, మంచినీళ్లు కూడా నిలవనంతగా వాంతులవుతున్నాయి. రెండు మూడు రోజులకు తగ్గి, కొన్ని వారాలకు మళ్లీ తిరగబెడుతున్నాయి. ఒంటి మీద బాగా వేడినీళ్లు పడుతున్నంతసేపే వాడికి ఊరట. వీపంతా ఎర్రగా కందిపోయినా స్నానాల గదిలోంచి బయటికి రాడు.

ఎండోస్కోపీలోనూ, స్కానింగులోనూ, రక్తపరీక్షల్లోనూ ఏమీ తేలలేదు. ఆన్‌డాన్‌సెట్రాన్ అనే వాంతులు తగ్గించే ఇంజెక్షన్ పని చేయలేదు. కడుపు మీద క్యాప్సైసిన్ (మిరపకాయల్లోని ఘాటు పదార్థం) పూత రాస్తే కాసేపు నెమ్మదించింది, అంతే. చివరికి అత్యవసర విభాగంలోని వైద్యురాలు ఇది కానబినాయిడ్ హైపరెమెసిస్ సిండ్రోమ్ (చాలాకాలం గంజాయి వాడేవారికి పదేపదే తీవ్రంగా వాంతులయ్యే జబ్బు) అని, 2004లో ఆస్ట్రేలియా వైద్యులు దీన్ని వివరించారని, గంజాయి పూర్తిగా మానడం తప్ప శాశ్వత పరిష్కారం లేదని చెప్పారు.

వాడు మాత్రం ఒప్పుకోవడం లేదు. కీమోథెరపీ రోగులకు వాంతులు తగ్గించడానికి గంజాయిలోని పదార్థాన్నే మందుగా ఇస్తున్నప్పుడు అదే వాంతులెలా తెప్పిస్తుందని వాదిస్తూ, వికారం మొదలవగానే ఇంకా ఎక్కువ తాగుతున్నాడు. ఒకసారి కొద్దిరోజులు మానినా, వికారం పోలేదన్న కారణంతో మళ్లీ మొదలుపెట్టాడు. టీహెచ్‌సీ అనే గంజాయిలోని మత్తు పదార్థం ఒంట్లోని కొవ్వులో నిల్వ ఉంటుందని, పూర్తిగా కోలుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుందని ఎంత చెప్పినా వినలేదు. ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలు దెబ్బతింటాయేమోనన్నదే నా భయం.

ఈ జబ్బు నుంచి కోలుకున్నవారిని, వారి కుటుంబసభ్యులను అడుగుతున్నాను: కారణం గంజాయేనని మీకు నిజంగా నమ్మకం కుదిర్చినది ఏమిటి?