బరువు తక్కువ వైర్‌లెస్ మెటల్ డిటెక్టర్: పాత ఎక్స్‌పీ డ్యూస్ కొనొచ్చా?

ప్రశ్న (నార్తాంప్టన్ నుంచి)

అందరికీ నమస్కారం. నాకు 54 ఏళ్లు. నాలుగేళ్లుగా శని, ఆదివారాలు పొలాల్లో డిటెక్టింగ్ (మెటల్ డిటెక్టర్‌తో పాత లోహపు వస్తువులు వెతకడం) చేస్తున్నాను. రెండు చోట్ల రైతుల పర్మిషన్ ఉంది. ఒకటి గోధుమ పొలం, రెండోది గొర్రెలు మేసే పచ్చిక. నా దగ్గరున్నది గారెట్ ఏటీ ప్రో. మిషన్ మంచిదే, కానీ పోయిన చలికాలం నుంచి కుడి భుజం పట్టేస్తోంది. మధ్యాహ్నం మూడు దాటితే చెయ్యి పైకి లేవడం లేదు. బరువైనా తగ్గించు, లేదంటే మానెయ్ అని ఫిజియో గట్టిగా చెప్పారు. మానడం నా వల్ల కాదు.

మా క్లబ్‌లో ఒకాయన తన మొదటి తరం ఎక్స్‌పీ డ్యూస్ అమ్మేస్తున్నాడు. తొమ్మిది అంగుళాల కాయిల్ (నేల మీద ఊపే గుండ్రటి తల), రిమోట్ (సెట్టింగులు మార్చే చిన్న పెట్టె), వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ కలిపి 450 పౌండ్లు అడుగుతున్నాడు. ఏడేళ్లు వాడాడట. కాయిల్‌కి వైరే లేకపోతే మధ్యలో సిగ్నల్ తెగిపోదా? నిజంగా అంత తేలికగా ఉంటుందా? వాడినవాళ్లు ఎవరైనా మంచీ చెడూ రెండూ చెప్పండి.

జవాబు (లింకన్ నుంచి)

నమస్తే అండీ. నేను ఎనిమిదేళ్లుగా మొదటి తరం డ్యూసే వాడుతున్నాను. మీ భుజం గురించి చదివి వెంటనే రాస్తున్నాను, ఎందుకంటే నేను దీన్ని కొన్నదీ సరిగ్గా అందుకే.

ముందు బరువు సంగతి. మీ ఏటీ ప్రో దాదాపు 1.4 కిలోలు. డ్యూస్ రిమోట్‌తో కలిపి కూడా కిలో లోపే. తేడా 400 గ్రాములే కదా అనిపిస్తుంది. నిమిషానికి 30 సార్లు చెయ్యి ఊపుతాం అనుకోండి, ఆరు గంటలకి పదివేల పైచిలుకు ఊపులు. ఆ 400 గ్రాములు అన్నిసార్లు అటూ ఇటూ మోసేది భుజమే. పైగా రిమోట్‌ని కాడ మీంచి తీసి బెల్టుకో జేబులోనో పెట్టుకోవచ్చు. అదీ వద్దనుకుంటే ఉత్త హెడ్‌ఫోన్స్‌తోనే నడుస్తుంది, మార్చుకోవాల్సినవన్నీ చెవి దగ్గర బటన్లతో మార్చుకోవచ్చు. అప్పుడు చేతిలో ఉండేది కాడ, దాని చివర కాయిల్, అంతే.

ఇక వైర్ లేకుండా ఎలా అంటే, మామూలు డిటెక్టర్‌లో కాయిల్ పట్టుకున్న సిగ్నల్ వైరు గుండా పైన పెట్టెలోకి వెళ్లాలి, లెక్కంతా అక్కడే. ఫ్రాన్స్‌లో టులూజ్ దగ్గరి ఈ ఎక్స్‌పీ వాళ్లు 2009లో డ్యూస్ తెచ్చినప్పుడు చేసిన పనేమిటంటే, ఆ ఎలక్ట్రానిక్స్‌ని కాయిల్‌లోనే కూర్చోబెట్టారు. కాయిల్‌కి సొంత బ్యాటరీ ఉంటుంది. అది తేల్చిన ఫలితం రేడియో ద్వారా మీ చెవికి, రిమోట్‌కి చేరుతుంది. ఎనిమిదేళ్లలో పొలంలో నాకు లింక్ తెగిపోయింది లేదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లో మాట కాస్త ఆలస్యంగా వచ్చినట్టు ఇందులో రాదు. ఇది చిన్న విషయం కాదు. శబ్దం పావు సెకను ఆలస్యమైనా కాయిల్ అప్పటికే వస్తువు దాటిపోయి ఉంటుంది, మీరు పక్కన తవ్వుతారు. అందుకే వాళ్లు సొంత లింక్ పెట్టారు. కాకపోతే దీనివల్ల వచ్చే ఇబ్బంది, వాళ్ల హెడ్‌ఫోన్సే వాడాలి. పోతే మళ్లీ అవే కొనాలి, చవక కాదు.

చెడు కూడా దాచకుండా చెప్తాను. అన్నిటికంటే పెద్దది బ్యాటరీ. ఒకటి కాదు, మూడు: కాయిల్‌కి ఒకటి, రిమోట్‌కి ఒకటి, హెడ్‌ఫోన్స్‌కి ఒకటి. ఏటీ ప్రోలో నాలుగు పెన్సిల్ సెల్స్ అయిపోతే జేబులోంచి ఇంకో నాలుగు తీసి వేసుకుంటారు. ఇందులో కాయిల్ చచ్చిపోతే ఆ రోజు పని అయిపోయినట్టే. పవర్‌బ్యాంక్‌కి క్లిప్ తగిలించి గట్టు మీద కూర్చోవాల్సిందే. నేను శుక్రవారం రాత్రి అన్నం తినేలోపు మూడూ ఛార్జింగ్‌లో పెట్టేస్తాను. ఆ అలవాటు లేనివాళ్లకి ఈ మిషన్ చెప్పను.

రెండోది, కాయిల్ అంటే ఇక్కడ మిషన్ అన్నట్టే. గోధుమ మోళ్లలో కాయిల్‌ని దబదబా కొట్టుకుంటూ పోయే అలవాటుంటే దీనితో వద్దు. మామూలు కాయిల్ పగిలితే కాయిలే పోతుంది. ఇక్కడ లోపలి ఎలక్ట్రానిక్స్ కూడా పోతాయి, కొత్తది కొనాలంటే చేతి చమురు బాగా వదులుతుంది.

మీరు కొనబోయేది ఏడేళ్లది కాబట్టి డబ్బు ఇచ్చే ముందు ఒక పని తప్పకుండా చేయండి. కాయిల్ ఫుల్ ఛార్జ్ చేయించి, మీ ఎదురుగా ఆన్ చేయించి, ఎన్ని గంటలు నడుస్తుందో చూడండి. కొత్త కాయిల్ ఒక రోజంతా సునాయాసంగా నడుస్తుంది. నాలుగు గంటలే నడిచి ఆగిపోతే బ్యాటరీ మార్పించే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. కాయిల్ మీద సీరియల్ నంబర్ చెరిగిపోకుండా ఉందా చూసి ఫోటో తీసుకోండి. రిమోట్ ఎప్పుడైనా పాడైతే హెడ్‌ఫోన్స్‌ని కాయిల్‌తో కలపడానికి ఆ నంబరే కావాలి. ఈ మోడల్‌కి నకిలీలు కూడా వచ్చాయి, అందుకని మొదటి బిల్లు అడగడంలో మొహమాటం వద్దు.

జవాబు (బ్లాక్‌పూల్ నుంచి)

పైన అన్న చెప్పినదంతా కరెక్టే. నేను బీచ్ మనిషిని కాబట్టి ఆ సంగతి చెప్తాను. పొడి ఇసుకలో మొదటి డ్యూస్ బ్రహ్మాండం. తడి ఇసుకలోకి దిగారా, ఇక అరుపులే. ఇది ఒకసారికి ఒకే ఫ్రీక్వెన్సీ మీద పని చేస్తుంది, ఉప్పునీటి తడిని కూడా లోహం లాగే చూస్తుంది. సెన్సిటివిటీ (ఎంత సన్న సిగ్నల్‌కి పలకాలో చెప్పే సెట్టింగ్) తగ్గిస్తే నెమ్మదిస్తుంది కానీ సన్న బంగారం దాంతోపాటే పోతుంది. రెండో తరం డ్యూస్ ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు పంపుతుంది, తడి ఇసుక దానికి లెక్క లేదు.

నీళ్లలో ఇంకో చిక్కు ఉంది. రేడియో నీళ్లలో వెళ్లదు. కాయిల్ మునిగితే లింక్ తెగుతుంది. అప్పుడు కాయిల్ నుంచి రిమోట్ దాకా కాడ వెంట ఒక యాంటెన్నా వైరు కట్టుకోవాలి. మొదటి తరంలో రిమోట్‌ని నీళ్లలో ముంచకూడదు కూడా. సముద్రం మీ లిస్టులో లేకపోతే ఇదంతా మర్చిపోండి.

జవాబు (లింకన్ నుంచి, మళ్లీ)

నార్తాంప్టన్ గారూ, సెట్టింగ్ గురించి రెండు మాటలు. మొదటి నెల ఫ్యాక్టరీ ప్రోగ్రామ్‌లతోనే తిరగండి. ఈ మిషన్ అసలు బలం బరువు కాదు, వేగం. తుప్పు మేకుల మధ్య ఇరుక్కున్న సన్నటి వెండి నాణేన్ని విడదీసి పలకగలదు. దానికి రియాక్టివిటీ (ఒక వస్తువు పలికాక పక్కదానికి ఎంత త్వరగా పలకాలో చెప్పే సెట్టింగ్) పెంచాలి, పెంచితే లోతు తగ్గుతుంది. మేకులు ఎక్కువున్న పాత ఇంటి జాగాలో పెంచండి, ఖాళీ పచ్చికలో తగ్గించండి. మన ఇంగ్లండ్ పొలాల్లో కాలిన బొగ్గు ముక్కలు దీన్ని బాగా విసిగిస్తాయి, అది తట్టుకోవాలి. గొర్రెల పచ్చికలో కరెంటు కంచె ఉంటే టిక్ టిక్ అని ఆగి ఆగి వినిపిస్తుంది. మిషన్ చెడిపోయిందని కంగారు పడొద్దు, రైతుని అడిగి కాసేపు ఆపించండి. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి.

పెద్ద కాయిల్ మాత్రం ఇప్పుడే కొనకండి. ఈ కాడకి వెనక బరువు లేదు కాబట్టి పెద్దది తగిలిస్తే ముందుకి తూగుతుంది. మీ భుజం మళ్లీ మొదటికొస్తుంది.

ప్రశ్న (మిల్టన్ కీన్స్ నుంచి)

అన్నయ్యలూ, మధ్యలో వచ్చినందుకు క్షమించండి. పది రోజుల కిందట మా ఇంటి దగ్గర పార్కులో నా పుస్తెల తాడు తెగిపోయింది. పాపని ఉయ్యాల మీంచి ఎత్తుకున్నప్పుడు తెగి ఉంటుంది, ఇంటికి వచ్చాక చూసుకున్నాను. మెడ బోసిగా ఉంటే అన్నం సహించడం లేదు. అత్తయ్యకి ఇంకా చెప్పలేదు. అద్దెకి ఒక చిన్న డిటెక్టర్ తెచ్చి మా ఆయన రెండు సాయంత్రాలు వెతికారు, దొరకలేదు. ఆ డిటెక్టర్‌లో ఇనుము వినిపించకుండా పెట్టుకోవచ్చట, అలాగే పెట్టి వెతికారు. మీరు చెప్పే మిషన్‌తో దొరుకుతుందా?

జవాబు (లింకన్ నుంచి)

చెల్లెమ్మా, టెన్షన్ పడకు. బంగారం తుప్పు పట్టదు, ఎవరూ తీయకపోతే అక్కడే ఉంటుంది.

మీ వారు ఒక్క చోట పొరపడ్డారు. మన ఆడవాళ్లు పుస్తెల తాడుకి పిన్నీసులు తగిలించుకుంటారు కదా, అవి ఇనుము. పిన్నీసు పుస్తె పక్కనే ఉంటే మిషన్ దాన్ని ఇనుము అనుకోవచ్చు. ఇనుము వినిపించకుండా పెడితే రెండూ కలిసి మాయం. కాబట్టి డిస్క్రిమినేషన్, అంటే ఇనుము లాంటివి వినిపించకుండా చేసే ఆ సెట్టింగ్, మొత్తం తీసేయాలి. బొంగురుగా పలికినా సరే, చూడాలి.

ఇంకొకటి. సన్న గొలుసు కోసం వెతకొద్దు. గొలుసు మన కంటికి ఒకటే అయినా డిటెక్టర్‌కి చిన్న చిన్న రింగుల వరస. ఒక్కో రింగు విడివిడిగా పలకాలి, అంత చిన్నది చాలా మిషన్లకి వినిపించదు. పుస్తె అలా కాదు, గుండ్రంగా బిళ్లలాగా ఉంటుంది, బాగా పలుకుతుంది. వెతకాల్సింది పుస్తెల కోసమే. ఎవరివైనా అలాంటి పుస్తె ఒకటి దారం కట్టి గడ్డి మీద పెట్టి, మిషన్ దాని మీద ఎలా పలుకుతుందో, ఏ నంబర్ చూపిస్తుందో ముందు విను. కోకా కోలా డబ్బా మూత రింగు కూడా ఇంచుమించు అలాగే పలుకుతుంది, కాబట్టి అవన్నీ తీయక తప్పదు.

పార్కు కౌన్సిల్‌ది అయితే ముందు మెయిల్ పెట్టి అనుమతి తీసుకో. పోగొట్టుకున్న సొంత వస్తువు అని రాయి, అలాంటప్పుడు మనుషులు మెత్తగానే ఉంటారు. గడ్డి కోసే రోజు ఎప్పుడో కూడా అడుగు. నేను దూరంలో ఉన్నాను. నార్తాంప్టన్ గారూ, మీకు దగ్గరే కదా?

జవాబు (నార్తాంప్టన్ నుంచి)

దగ్గరేనమ్మా, అరగంట దారి. ఈ శనివారం డ్యూస్ చేతికి వస్తుంది. అనుమతి రాగానే చెప్పు, వస్తాను.

ప్రశ్న (రెడింగ్ నుంచి)

ఇదే మిషన్ పండక్కి ఇండియా తీసుకెళ్తే ఎలా ఉంటుంది? మా బావ వాళ్లది తుగ్గలి దగ్గర. తొలకరి పడగానే ఊరంతా జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతుకుతారు. పక్క ఊరి పాత గుడి దగ్గర నిధి ఉందని కూడా అంటున్నాడు.

జవాబు (లింకన్ నుంచి)

వజ్రం లోహం కాదండీ. ఏ మెటల్ డిటెక్టర్ కింద పెట్టినా వజ్రం ఉలకదు పలకదు. వజ్రకరూర్‌లో అయినా జొన్నగిరిలో అయినా వాన కడిగిన నేల మీద కళ్లతో వెతకడమే దారి.

గుడి మాట మాత్రం మీ బావగారికి గట్టిగా చెప్పండి, వద్దని. మన దేశంలో 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ ఉంది, భూమిలో పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టర్‌కి తెలియజేయాలి. రక్షిత కట్టడాల దగ్గర తవ్వితే 1958 చట్టం కింద నేరం. గుప్త నిధుల పిచ్చితో ఎన్ని గుళ్లలో గర్భగుడి రాళ్లు లేపేశారో, నంది విగ్రహాలు పగలగొట్టారో మనం చూస్తూనే ఉన్నాం. నా చేతిలో ఉన్న ఈ వస్తువు ఆ పనికి వెళ్తుందంటే నాకు కడుపు మండుతుంది.

ఇక్కడ కూడా దొరికింది దొరికినట్టు జేబులో వేసుకోకూడదు. ఇంగ్లండ్‌లో 1996 నిధుల చట్టం ప్రకారం, 300 ఏళ్లు దాటి పదో వంతు వెండి గానీ బంగారం గానీ ఉన్న వస్తువు (విడి నాణెం కాకుండా) దొరికితే 14 రోజుల్లో కరోనర్‌కి, అంటే నిధుల మీద విచారణ చేసే అధికారికి, తెలియజేయాలి. 2023 జూలై నుంచి 200 ఏళ్లు దాటిన ముఖ్యమైన లోహపు వస్తువులూ ఇందులోకి వచ్చాయి. జిల్లాలో ఫైండ్స్ లయజన్ ఆఫీసర్ ఉంటారు, వాళ్లకి చూపిస్తే నమోదు చేసి చరిత్ర చెప్తారు. నా మొదటి వెండి పెన్నీ గురించి మా ఆఫీసరమ్మ చెప్పిన అరగంట నాకు ఇప్పటికీ గుర్తు.

జవాబు (నార్తాంప్టన్ నుంచి, మూడు వారాల తర్వాత)

ఆలస్యానికి క్షమించండి. ముందు మిషన్ సంగతి. ఆయన ఎదుటే ఆన్ చేసి పెట్టాం, కాయిల్ ఐదు గంటల పది నిమిషాలు నడిచి ఆగిపోయింది. ఆయనా మంచి మనిషి, మారు మాట్లాడకుండా 90 పౌండ్లు తగ్గించాడు. పవర్‌బ్యాంక్ సంచిలో వేసుకుని తిరుగుతున్నాను. మొన్న ఆదివారం సాయంత్రం ఐదు దాకా పొలంలో ఉన్నాను, ఇంటికొచ్చి నా చేత్తోనే షర్టు తీసుకున్నాను.

పోయిన బుధవారం కౌన్సిల్ అనుమతి వచ్చింది, మిల్టన్ కీన్స్ వెళ్లాను. ఉయ్యాల కింద రబ్బరు పరిచి ఉంది, దాని పక్కన ఇనుప కంచె. కాయిల్ దగ్గరికి తీసుకెళ్తే చాలు గోల. అందుకని అక్కడి నుంచి కారు దాకా వాళ్లు నడిచిన దారిలో గుర్తు కోసం ఒక తాడు కట్టుకుని, సగం సగం కలిసేలా నెమ్మదిగా ఊపుకుంటూ వచ్చాను. గంటన్నరలో పదహారు డబ్బా రింగులు, ఒక బొమ్మ కారు. తర్వాత బెంచీ దాటాక ఒక బొంగురు పలుకు. అటు నుంచి ఇటు ఊపితే బొంగురు, తొంభై డిగ్రీలు తిరిగి ఊపితే చివర్లో సన్నగా ఒక మంచి శబ్దం. గడ్డి పాయ తీసి చూస్తే ముందు కనబడింది తుప్పు పట్టిన పిన్నీసు. దానికి వేలాడుతూ ఒక పుస్తె. రెండోది జానెడు దూరంలో ఉంది, గడ్డి కోసే మిషన్ చక్రం తొక్కినట్టుంది, కాస్త వంగింది.

గొలుసు రెండు ముక్కలు చేత్తో తడిమితేనే దొరికాయి, మిషన్ పలకలేదు. ఆ అమ్మాయి అక్కడే గడ్డిలో కూర్చుని ఏడ్చేసింది. నల్లపూసలు గాజువి కదా, వాటికీ మిషన్ పలకదు. వాళ్ల నాలుగేళ్ల పాప మోకాళ్ల మీద వంగి ఒక్కొక్కటే ఏరి నా టోపీలో వేసింది. చీకటి పడేలోపు పదకొండు దొరికాయి.